ప్రైవేటు బడి ఫీజు – సహాయం ఎంత, ఎన్నేండ్లు?

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మమ్ములను "విద్య యొక్క ప్రాముఖ్యము" అను విషయం మీద మాట్లాడుమన్నారు. దాని మీద ప్రతి వార్షికోత్సవంలో ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. చదువు ముఖ్యమని మన ఆటో నడిపే భాయీకి తెలుసు, బీడీలు చుట్టే ఆపాకు తెలుసు. తెలియనిదల్లా ఒక్కటే, ఫీజు డబ్బు ఎక్కడి నుండి వస్తుందని. అందుచేత పెద్దల అనుమతితో మేము విషయాన్ని కొంచెం మార్చుకొన్నాము. బిడ్డను ప్రైవేటు బడిలో వేద్దామా అని ఆలోచించే కుటుంబానికి ఎవరి నుండి ఎంత సహాయం దొరుకుతుంది, ఎక్కడ దొరకదు, మన సంఘం ఏమి చేయాలి అన్నదే మా మాట.

మేము ఉర్దూ మీడియం సర్కారు బడిలో పాఠాలు చెప్పేవారము. అయినా ఈ నాలుగు మాటలు తెలుగులోనే చెబుతున్నాము. దేవరకొండ, అచ్చంపేట, మక్తల్ వైపు పల్లెలలో ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ, ఉర్దూ లిపి రాక, తెలుగు మాత్రమే చదివే మనవాళ్లు ఎందరో ఉన్నారు. ఈ సంచిక వారి ఇంటికి కూడా పోవాలి.

ఇంకొక సంగతి ముందే ఒప్పుకొనడం మంచిది. "ప్రైవేటు బడికి తొందరపడకండి అని మాస్టర్ సాబ్ అంటున్నాడంటే, వాళ్ల బడిలో పిల్లలు తగ్గితే పోస్టు పోతుందనే భయం" అని మీలో కొందరు అనుకొనవచ్చును. ఆ భయం మాకు లేదని మేము అనము. కాని మా సొంత కొడుకు ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడిలోనే చదివినాడు. నెల జీతం వచ్చే మాకే జూన్ నెల వచ్చిందంటే చేతిలో పైస ఆడలేదు. కాబట్టి ప్రైవేటు బడి వద్దు అని చెప్పే హక్కు మాకు లేదు. లెక్క చూసుకొని పొమ్మని చెప్పే అనుభవం మాత్రం ఉన్నది.

మొదట లెక్క. ఫీజు అంటే ట్యూషన్ ఫీజు ఒక్కటే కాదు. అడ్మిషన్ ఫీజు, పుస్తకాలు, యూనిఫారం, బూట్లు, వ్యాను, పరీక్ష ఫీజు, వార్షికోత్సవం చందా, ఇవన్నీ కలిపినదే ఫీజు. ఉదాహరణకు ఏడాదికి 20,000 రూపాయల బడి అనుకొందాము. ఆరవ తరగతిలో వేస్తే పది దాకా ఐదేండ్లు. ఏటా నూటికి పది చొప్పున పెరిగినచో ఆ ఐదేండ్ల ఫీజు 1,22,102 రూపాయలు. పుస్తకాలు, బట్టలు, వ్యాను ఏటా 8,000 అనుకొంటే మరొక 40,000. ఆరవ తరగతి గేటు దగ్గర మనము కట్టేది 20,000 అయినా, ఒప్పుకొని లోపలికి పోయేది లక్షా అరవై వేల పైమాటకు. ఇద్దరు పిల్లలుంటే దానికి రెట్టింపు. ఈ అంకె ఒక కాగితం మీద రాసి, భార్యాభర్తలు ఇద్దరూ చూసి, అప్పుడు గేటు దాటాలి.

ఇక సర్కారు సహాయం. ఇక్కడనే మనవాళ్లకు అపోహలు ఎక్కువ.

మొదటి అపోహ, "ఫీజు రీఇంబర్స్‌మెంటు ఉంది కదా" అనడం. 2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో విస్తరించిన ఆ పథకం పదవ తరగతి తరువాత చదువులకు మాత్రమే, అంటే ఇంటర్మీడియెట్ నుండి. ఒకటి నుండి పది వరకు ప్రైవేటు బడి ఫీజును అది కట్టదు. ప్రతి వేసవిలో కనీసం నలుగురైదుగురు తండ్రులు మా దగ్గరకు వచ్చి, "బడిలో వేసినాము మాస్టర్ సాబ్, సర్కారు పైసలు ఎప్పుడు పడతాయి?" అని అడుగుతారు. పడవు అని చెప్పడానికి మాకు నోరు రాదు.

రెండవది ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్. సచార్ కమిటీ నివేదిక 2006 నవంబరులో వచ్చిన తరువాత, 2008లో కేంద్ర ప్రభుత్వం మైనారిటీ పిల్లల కోసం దీనిని మొదలు పెట్టింది. కిందటి పరీక్షలో నూటికి 50 మార్కులు, కుటుంబ ఆదాయం ఏడాదికి లక్షకు లోపు, ఒక ఇంటి నుండి ఇద్దరికి మించకుండా, 30 శాతం ఆడపిల్లలకు, ఇవీ అప్పటి షరతులు. సొమ్ము ఎంత ఉండేది? ఒకటి నుండి ఐదు వరకు నెలకు 100 రూపాయలు. ఆరు నుండి పది వరకు ఇంటి నుండి వచ్చే పిల్లలకు ట్యూషన్ ఫీజు కింద నెలకు 350కి మించకుండా. అది కూడా ముందు మనము కట్టి, తరువాత బ్యాంకు ఖాతాలో పడే సొమ్మే. 2022లో దానిని తొమ్మిది, పది తరగతులకే పరిమితం చేసినారు. కనుక దీనిని నమ్మి చిన్న తరగతి బిడ్డను ప్రైవేటు బడిలో వేయడం గాలిలో దీపం పెట్టినట్లే. పెద్ద తరగతుల వారు కూడా ఈ ఏడు ప్రకటన వచ్చిందా అని చూసుకొన్న తరువాతనే దాని మాట తలవాలి.

మూడవది విద్యాహక్కు చట్టం. 2009లో పార్లమెంటు చేసిన ఈ చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ప్రైవేటు బడులు మొదటి తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలని అందులో ఉన్నది. మైనారిటీ సంస్థలు నడిపే బడులకు ఈ నిబంధన వర్తించదని 2012లోను, 2014లోను సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మనవాళ్లే నడుపుతున్న మైనారిటీ బడిలో ఈ సీటు అడగడానికి చట్టం అక్కరకు రాదు. మిగిలిన బడులలోనైనా మన రాష్ట్రంలో ఏండ్ల తరబడి ఇది కాగితం మీదనే ఉన్నది. అందుకని ఈ సీటు ఉన్నదనుకొని ఎవరూ ఇల్లు కదలవద్దు. మండల విద్యాధికారి కార్యాలయంలో అడిగి, ఉన్నదంటే దర్ఖాస్తు పెట్టుకొనండి. ఎట్లయినా అది మొదటి తరగతిలో చేరేవారికి గాని, ఆరవ తరగతిలో బడి మార్చేవారికి కాదు.

నాలుగవది చుట్టాల మాట. మనకు కృష్ణ అవతల కర్నూలులో, పల్నాడులో చుట్టరికాలు ఉన్నవి. "మా కోడలి ఖాతాలో పదిహేను వేలు పడ్డాయి, మీకు పడలేదా?" అని పెండ్లిలో అడుగుతారు. అది 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమ్మఒడి అను పేరుతో మొదలు పెట్టిన పథకం. ప్రైవేటు బడి పిల్లల తల్లులకు కూడా ఇచ్చినారు. అది ఆ రాష్ట్రానిది. నది దాటితే పథకం మారుతుంది.

మరి మనకు సర్కారు ఏమీ ఇవ్వదా? ఇస్తుంది, కాని ఫీజు రూపంలో కాదు, బడి రూపంలో. 2016 జూన్‌లో మన రాష్ట్రంలో 71 మైనారిటీ గురుకులాలు తెరిచినారు. తరువాత అవి 204 అయినవి. బాలురకు వేరు, బాలికలకు వేరు. ఐదవ తరగతి నుండి ఇంగ్లీషు మీడియం, తిండి, బట్ట, పుస్తకం అన్నీ ఉచితం. నాలుగింట మూడు వంతుల సీట్లు మైనారిటీ పిల్లలవి. సర్కారు బడులలో కూడా 2022-23 నుండి ఇంగ్లీషు మీడియం మొదలైనది. "ఇంగ్లీషు కోసమే ప్రైవేటు బడి" అనుకొనేవారు ముందు ఈ రెండు గడపలు తొక్కి చూడండి. ఆడపిల్లను హాస్టలుకు పంపడానికి మనసొప్పదు అనే తల్లి బాధ మాకు తెలుసు. ఆ తల్లి ఒకసారి గురుకులానికి స్వయంగా పోయి, గదులు, స్నానపు గదులు, వంటిల్లు చూసి వచ్చి, అప్పుడు వద్దంటే వద్దనండి. చూడకుండా వద్దనవద్దు.

సర్కారు తరువాత బడి యాజమాన్యం. మన చిన్న పట్టణాలలో ప్రైవేటు బడుల వాళ్లు అడిగితే ఎంతో కొంత తగ్గిస్తారు. అన్నదమ్ములు ఇద్దరు చదివితే రెండవ వారికి తగ్గింపు, తండ్రి లేని బిడ్డకు తగ్గింపు, మంచి మార్కులకు తగ్గింపు ఉంటాయి. కాని అడిగే పద్ధతి ఉన్నది. "ఎంత తగ్గిస్తారు?" అని మాత్రమే అడిగి రావద్దు. "ఎన్నేండ్లు తగ్గిస్తారు?" అని అడగండి. "కాగితం మీద రాసి ఇవ్వండి" అని అడగండి. కరస్పాండెంటు గారు నోటితో చెప్పిన తగ్గింపు, గుమాస్తా మారితే మారిపోతుంది. సీటుకు డొనేషన్ అడగడం, చేర్చుకొనడానికి పిల్లవానికి గాని తల్లిదండ్రులకు గాని పరీక్ష పెట్టడం విద్యాహక్కు చట్టం ప్రకారం తప్పు అని కూడా గుర్తుంచుకొనండి.

సర్కారు స్కాలర్‌షిప్ ఏది వచ్చినా కాగితాలు కావాలి. మీసేవలో తీసే ఆదాయ ధృవపత్రం, ఆధార్, బ్యాంకు ఖాతా, బోనఫైడ్, మార్కుల మెమో. ఇందులో మనవాళ్లకు వచ్చే తంటా పేరు దగ్గర. బడి రిజిస్టరులో "ఎం.డి." అని ఉంటుంది, ఆధార్‌లో "మొహమ్మద్" అని ఉంటుంది, బ్యాంకులో "మహ్మద్" అని ఉంటుంది. ఒకచోట "ఎస్.కె.", మరొకచోట "షేక్". మనకు అందరూ ఒక్కడే, కంప్యూటరుకు ముగ్గురు మనుషులు. ఈ ఒక్క కారణాన దర్ఖాస్తులు వెనుకకు రావడం మేము కండ్లారా చూసినాము. దీనిలో మా ఉపాధ్యాయుల తప్పు కూడా ఉన్నది. చేర్చుకొనేటపుడు తొందరలో మేమే "ఎం.డి." అని పొట్టి చేసి రాస్తాము. బిడ్డ మొదటి తరగతిలో ఉండగానే అన్ని కాగితాల మీద ఒక్క తీరుగా రాయించండి. పదవ తరగతి మెమో వచ్చిన తరువాత మార్చడం చాలా కష్టం.

ఇప్పుడు మన సంఘం సంగతి. ఇది చెప్పడానికే మేము అసలు లేచి నిలుచున్నాము.

కొన్నేండ్ల కిందట ఒక ఆటో డ్రైవరు భాయి తన బిడ్డను ఆరవ తరగతికి ప్రైవేటు బడిలో వేయదలచి సంఘానికి దర్ఖాస్తు పెట్టుకొన్నాడు. పిల్ల చురుకైనది. సంఘం ఆ ఏడు ఫీజు మంజూరు చేసింది. ఈ వేదిక వంటి వేదిక మీదనే చెక్కు ఇచ్చినాము, ఫోటో తీసినాము. మంజూరు కాగితం మీద సంతకం చేసిన ముగ్గురిలో మేము ఒకరము. మరుసటి ఏడు చందాలు తగ్గినవి, కొత్త దర్ఖాస్తులు పెరిగినవి. "ఒకసారి ఇచ్చినాము కదా, ఇప్పుడు వేరేవాళ్లకు అవకాశం ఇద్దాము" అన్నారు. న్యాయంగానే తోచింది. మేము కూడా తల ఊపినాము.

తండ్రి మొదటి టర్ము ఫీజు అప్పు చేసి కట్టినాడు. రెండవ టర్ము కట్టలేదు. పిల్లను ఇంటికి పంపినారు. సర్కారు బడికి పోదామంటే, బాకీ తీరే దాకా టీసీ ఇవ్వమన్నారట. నాలుగు నెలలు ఆ పిల్ల ఇంట్లో కూర్చున్నది. తమ్ముణ్ణి ఎత్తుకొని దుకాణానికి పోతూ మాకు బజారులో ఎదురైంది. "బడికి పోవడం లేదా అమ్మా?" అంటే తల వంచుకొని, "నహీ సర్, ఫీజు నహీ హై" అన్నది. మా సంతకంతో బడికి పోయిన పిల్ల. నాలుగు నెలలుగా మాకు తెలియదు. ఎందుకంటే మేము అడగలేదు.

టీసీ రావడం ఆలస్యమైనదని చెప్పి బిడ్డను చేర్చుకొనకుండా ఉండరాదని విద్యాహక్కు చట్టం ఐదవ సెక్షన్‌లో స్పష్టంగా ఉన్నది. వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని నాలుగవ సెక్షన్‌లో ఉన్నది. ఉపాధ్యాయులమైన మాకు ఇది తెలుసు. ఆ తండ్రికి తెలియదు. మరునాడే ఆ పిల్లను సర్కారు బడిలో చేర్పించినాము. కాని పోయిన నాలుగు నెలలు పోయినవే. తండ్రి నెత్తిన అప్పు ఉండనే ఉన్నది. ఆ చెక్కు ఇవ్వకపోయి ఉంటే, ఆ పిల్ల గురుకులానికో, సర్కారు బడికో పోయి, ఒక్కరోజు కూడా చదువు ఆగకపోవును. మనము సహాయం చేసినామనుకొన్నాము. సగం మెట్లు ఎక్కించి నిచ్చెన తీసినాము.

అందుచేత సంఘం ముందు నాలుగు మనవులు పెడుతున్నాము.

మొదటిది. ప్రైవేటు బడి ఫీజుకు సహాయం చేస్తే పదవ తరగతి దాకా చేయాలి, లేకుంటే చేయరాదు. ఏటా మనకు రెండు లక్షలు వస్తాయనుకొందాము. పదిమందికి ఇరవై వేల చొప్పున ఇస్తే ఫోటోలో పదిమంది కనబడతారు, మరుసటి ఏడు పదిమందీ రోడ్డు మీద ఉంటారు. అదే ఏటా ఇద్దరిని మాత్రమే కొత్తగా ఆరవ తరగతిలో తీసుకొంటే, ఐదవ ఏటికి ఆరు నుండి పది దాకా తరగతికి ఇద్దరు చొప్పున అదే పదిమంది ఉంటారు. ఖర్చు అదే రెండు లక్షలు. కాని ఒక్కరు కూడా నడుమ ఆగరు. ఫోటో చిన్నది అవుతుంది, అంతే. మొదటి ఏండ్లలో మిగిలే సొమ్ముతో సర్కారు బడి పిల్లలకు నోటు పుస్తకాలు, పదవ తరగతి పరీక్ష ఫీజు, ఇంటర్ చేరే ఖర్చు వంటి ఒక్కసారితో తీరే సహాయాలు చేయవచ్చును. ఫీజు పెరుగుదలకు కొంత నిలువ కూడా ఉంచవచ్చును.

రెండవది జకాత్ సంగతి. నూటికి రెండున్నర చొప్పున మనము తీసే జకాత్‌లో అధిక భాగం రంజాన్‌లో వస్తుంది. ఫీజు జూన్‌లో కట్టాలి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2018లో రంజాన్ ముగిసి ఈద్ వచ్చినది జూన్ నడుమన, బడులు తెరిచే వేళకు సరిపోయినది. 2025లో మార్చి నెలకు వచ్చింది. 2030లోనైతే జనవరి మొదట్లో ఒక రంజాన్, డిసెంబరు చివరలో మరొక రంజాన్ మొదలవుతాయి. కాబట్టి వసూలు అయిన నెల వేరు, ఖర్చు నెల వేరు అని ముందే తెలుసుకొని పద్దు రాయాలి. జకాత్ సొమ్మును ఏండ్ల తరబడి నిలువ పెట్టరాదని ఉలమా చెబుతారు. హక్కుదారు చేతికి సొమ్ము చేరి, అది అతని సొత్తు కావాలని కూడా చెబుతారు. కనుక ఐదేండ్ల మాటకు ఆధారం సదఖా, నెలవారీ చందా కావాలి. ఆ ఏటి జకాత్ ఆ ఏటి హక్కుదారులకే పోవాలి. ఫీజు నేరుగా బడికి కట్టేటపుడు తండ్రి నుండి అనుమతి ఎట్లా తీసుకోవాలో మన మౌలానా గారిని అడిగి ఒక ఫారం తయారు చేసుకొందాము. ఇంట్లోనే హక్కుదారులు ఉన్నారేమో కూడా చూసుకొనండి. మన పిల్లలకు, తల్లిదండ్రులకు మనము జకాత్ ఇవ్వరాదు గాని, లేమిలో ఉన్న అన్న బిడ్డకు, చెల్లెలి కొడుకుకు ఇవ్వవచ్చును. అందులో దానపు పుణ్యం, చుట్టరికపు పుణ్యం రెండూ ఉన్నవి.

మూడవది. సంఘం ఏప్రిల్ నెలలోనే "ఈ ఏడు ఇంతమందికి, ఇన్నేండ్లకు, ఇంత" అని ప్రకటించాలి. కాదన్నవారికి కూడా ఏప్రిల్‌లోనే కాదు అని చెప్పాలి. "చూద్దాము, ఇన్షా అల్లాహ్" అని జూలై దాకా తిప్పడం కంటె ముందే కాదనడం మేలు. గురుకులాల దర్ఖాస్తు తేదీలు దాటిపోతే ఆ బిడ్డకు రెండు దారులూ మూసుకొంటాయి.

నాలుగవది. వేదిక మీద చెక్కులు ఇవ్వడం ఆపుదాము. ఆరవ తరగతి పిల్లకు తోటి పిల్లల ముందు సిగ్గు అనేది ఒకటి ఉంటుంది. సంఘం వాళ్లు ఇద్దరు ఇంటికి పోయి మాట్లాడి రావాలి. చెక్కు ఇచ్చిన తరువాత మూడు నెలలకొకసారి "బిడ్డ బడికి పోతున్నదా?" అని అడగాలి. అడగడానికి డబ్బు అక్కరలేదు. మేము ఆనాడు అడిగి ఉంటే నాలుగు నెలలు మిగిలేవి.

తల్లిదండ్రులకు ఒక్క మాట చెప్పి ముగిస్తాము. వలస పోయి, ఎండలో మట్టి మోసి బిడ్డలను చదివించిన పాలమూరు గడ్డ మనది. బిడ్డను మంచి బడిలో చూడాలన్న ఆశను ఎవరూ తప్పు పట్టలేరు. కాని చేతిలో లేని సహాయాన్ని నమ్మి గేటు దాటవద్దు. సర్కారు ఇస్తుందని ఎవరైనా అంటే ఏ పథకం, ఏ తరగతికి అని అడగండి. బడి తగ్గిస్తుందంటే ఎన్నేండ్లు అని అడగండి. సంఘం ఇస్తుందంటే మమ్ములను కూడా అదే మాట అడగండి. అడిగినందుకు ఇక్కడ ఎవరూ నొచ్చుకొనరు.

ఆ పిల్ల ఇప్పుడు పదవ తరగతిలో ఉన్నది. రోజూ సాయంత్రం మా ఇంటికి వచ్చి లెక్కలు చెప్పించుకొని పోతుంది. ఆమె తండ్రి ఈ సభకు రాలేదు. వచ్చే ఏడు ఆయనను మేమే వెంటబెట్టుకొని రావాలని ఉన్నది. అప్పటికి ఈ నాలుగు మనవులలో ఒక్కటైనా సంఘం అమలు చేసి ఉంటే ఆయన ముఖం చూడగలము.